ఇల్లు ఏ గీతలో, పేరు ఏ జాబితాలో

బెంగళూరులో ఓటు వేసే తీరు గురించి ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో పాఠకులను కోరాము. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి: ఈ నగరంలో ఇంతమంది తెలుగువాళ్లం ఉండి కూడా ఎన్నికల లెక్కలో ఎందుకు కనిపించము? అందుకని ఆ ప్రశ్నకు ఎక్కువ చోటు ఇచ్చి, తక్కినవాటికి వీలైనంత క్లుప్తంగా జవాబు చెబుతున్నాను. ఏ పార్టీకి ఓటు వేయమంటారు అని అడిగిన పాఠకులు మన్నించాలి. ఆ జవాబు ఈ శీర్షికలో దొరకదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్లు తెలుగువాళ్లవే. సంక్రాంతి ముగ్గులు చూస్తే ఇది గుంటూరో నెల్లూరో అనిపిస్తుంది. ఎన్నికలు వచ్చినప్పుడు మాత్రం ఏ అభ్యర్థీ మా గేటు దాకా వచ్చి తెలుగులో రెండు ముక్కలు మాట్లాడడు. నగరంలో మన జనం తక్కువేమీ కాదు కదా, ఎందుకీ చిన్నచూపు? – ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: అమ్మా, దాన్ని చిన్నచూపు అనను, లెక్క అంటాను. 2011 జనగణన ప్రకారం బెంగళూరు నగర జిల్లాలో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 14 శాతం. వినడానికి పెద్ద సంఖ్యే. అయితే ఎన్నిక నగరం మొత్తానికి కలిపి జరగదు. శాసనసభ ఎన్నికల్లో నగరం 28 ముక్కలు. ఆ 14 శాతం చిక్కపేట బట్టల దుకాణాల వెనక ఇళ్లలో కొంత, హలసూరు, కంటోన్మెంటు సందుల్లో కొంత, కె.ఆర్‌. పురంలో కొంత, యలహంకలో కొంత, హోసూరు రోడ్డు పొడవునా కొంత సర్దుకొని ఉంటే, ఏ ఒక్క ముక్కలోనూ అది సొంత బలంతో ఒకరిని గెలిపించే సంఖ్య కాలేదు. నగర జిల్లాలో ముస్లింల జనాభా శాతం మనకన్నా ఎక్కువేమీ కాదు. అయినా శివాజీనగరలోను, చామరాజపేటలోను వారు ఒకేచోట దట్టంగా నివసిస్తున్నారు కనుక, అక్కడ ఏ పార్టీకైనా వారిని పక్కన పెట్టి అభ్యర్థిని ఎంచుకోవడం కుదరదు. పంచదార ఒక గ్లాసులో వేస్తే రుచి తెలుస్తుంది, బిందెలో కలిపితే తెలియదు. మనది బిందెలో కలిసిన పంచదార.

రెండో సంగతి, ఆ 14 శాతం ఒకే జనం కాదు. తాతముత్తాతల కాలంలో చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు, కోలారు వైపు నుంచి నగరానికి చేరిన కుటుంబాలు ఒక రకం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం రాయడం కన్నడంలో. రేషన్ కార్డు, గుడి కమిటీ, కార్పొరేటరు ఇల్లు, కులసంఘం, అన్నీ ఈ ఊళ్లోనివే. వారి ఓటుకు తెలుగుతనం కారణం కాదు, తమ పేటలో ఎవరు పని చేసిపెడతారన్నదే కారణం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పెరిగాక ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ, వైట్‌ఫీల్డులో దిగిన మీలాంటి, మాలాంటి కుటుంబాలు మరొక రకం. మనకు కావలసింది రోడ్డు, కావేరి నీళ్లు, మెట్రో. ఈ రెండు రకాల వాళ్లను తెలుగు అనే ఒక్క మాటతో కట్టగట్టి ఒక ఓటుబ్యాంకు అని పిలిస్తే, పిలిచినవాడు ఎన్నికలో దెబ్బతింటాడు. పార్టీల వాళ్లకు ఆ సంగతి మనకన్నా బాగా తెలుసు.

మూడోదే అసలు సంగతి. మీ అపార్ట్‌మెంట్‌లో ఉన్న తెలుగువారిలో మీ మారతహళ్లి చేరిన మహదేవపుర నియోజకవర్గం ఓటరు జాబితాలో పేరున్నవారు ఎందరు? కిందటి లోక్‌సభ ఎన్నికలకు ముందు మా భవనానికి బూత్ స్థాయి అధికారిణిగా ఒక అంగన్‌వాడీ టీచరు వచ్చారు. వాచ్‌మన్ కుర్చీలో కూర్చొని, ఒళ్లో రిజిస్టరు పెట్టుకొని, ఒక్కొక్క ఫ్లాటుకూ ఇంటర్‌కమ్‌లో ఫోను చేయించారు. నేను పాల ప్యాకెట్ల కోసం దిగి, అక్కడే ఆగిపోయాను. ఇంటర్‌కమ్‌లోంచి ఇంటింటికీ ఒకటే మాట వినిపించింది: ‘మాకు ఓటు ఊళ్లో ఉందండి.’ ఆవిడ కన్నడంలో ‘ఆయ్తు’ అనుకుంటూ ఆ ఫ్లాటు నంబరు పక్కన చిన్న గీత పెట్టేవారు. ఒక గంటలో ఆ పేజీ నిండా గీతలే. అభ్యర్థి మీ గేటు దాకా ఎందుకు రాలేదో ఆ పేజీ చూస్తే అర్థమవుతుంది. అతని చేతిలో ఉండేది జనాభా లెక్క కాదు, ఆ జాబితా.

2024లో ఈ విషయం ఇంకా స్పష్టంగా కనబడింది. బెంగళూరులో పోలింగ్ ఏప్రిల్ 26, శుక్రవారం. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను మే 13, సోమవారం. రెండుచోట్లా శని, ఆదివారాలు కలిపితే మూడు రోజుల సెలవే. ఆ సెలవు బెంగళూరు బూతులను ఖాళీ చేసిందని అందరూ అన్నారు. అదే మూడు రోజుల సెలవుకు మన పిల్లలు మారతహళ్లి వంతెన దగ్గర అర్ధరాత్రి దాకా బస్సుల కోసం నిలబడి, టికెట్టుకు రెట్టింపు డబ్బు పోసి, ఊరికి వెళ్లి ఓటు వేసి వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆసారి పోలింగ్ సుమారు 82 శాతం. కాబట్టి మనవాళ్లకు ఓటు మీద శ్రద్ధ లేదనడం అబద్ధం. శ్రద్ధ ఉంది, అది మూడు వందల కిలోమీటర్ల అవతల ఉన్న జాబితాకు చెందింది. మీరు పన్ను కట్టేది ఇక్కడ, వానాకాలం నీళ్లలో నడిచేది ఇక్కడ, ఎమ్మెల్యేను ఎన్నుకునేది అక్కడ. ఇది తప్పని నేననను. నేనూ ఆరేళ్లు అలాగే చేశాను.

ఇంకొక చిన్న మాట. మహదేవపుర షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయిన స్థానం. తమ కులం అభ్యర్థి ఉన్నాడా లేడా అన్న లెక్కతో ఓటు వేసే మిగతా కులాల వారికి అక్కడ ఆ దారి లేదు కనుక, పార్టీని చూసో నాయకుణ్ణి చూసో ఓటు వేస్తారు. మీ ప్రాంతంలో ప్రచారం పార్టీ గుర్తు చుట్టూ తిరుగుతుందే తప్ప కులపెద్దల ఇళ్ల చుట్టూ అంతగా తిరగకపోవడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

ప్రశ్న: మా వీధి జయనగర నియోజకవర్గం, మా అన్నయ్యగారి ఇల్లు కొద్ది దూరంలో బి.టి.ఎం. లేఅవుట్ నియోజకవర్గం. ఇద్దరి ఇళ్లూ ఒకలాంటివే, మనుషులూ ఒకలాంటివారే. ఫలితాలు మాత్రం చాలాసార్లు వేరు. గీత ఎటు పడిందన్నదానికి నిజంగా అంత బలం ఉంటుందా? – ఒక పాఠకుడు, జయనగర

జవాబు: ఉంటుంది, మీ పేటే దానికి మంచి ఉదాహరణ. నియోజకవర్గాల పునర్విభజన 2008లో అమలయ్యేదాకా నగరానికి 16 శాసనసభ స్థానాలే ఉండేవి. రాష్ట్రంలోని 224 స్థానాలు పెరగకుండానే నగరం వాటా 28కి చేరింది. ఆ మార్పులో పాత జయనగర ముక్కలైంది. 1989 నుంచి వరుసగా జయనగరలో గెలుస్తూ వచ్చిన రామలింగారెడ్డి, 2008లో కొత్తగా ఏర్పడిన బి.టి.ఎం. లేఅవుట్‌కు మారారు, అప్పటినుంచి అక్కడ ఓడిపోలేదు. ఆయన వెళ్లాక మిగిలిన జయనగరలో 2008లో, 2013లో బిజెపి గెలిచింది. 2018లో ఆయన కుమార్తె సౌమ్యారెడ్డి కాంగ్రెస్ తరఫున గెలిచారు. 2023లో మళ్లీ లెక్కించిన తరువాత బిజెపి అభ్యర్థి సి.కె. రామమూర్తి 16 ఓట్ల తేడాతో గెలిచారు. పదహారు ఓట్లంటే మీ వీధిలో రెండు మేడల జనం. ఆనాడు గీత గీసినవారి పెన్సిలు ఒక్క వీధి అటు జరిగి ఉంటే ఈ ఫలితం ఏమయ్యేదో ఊహించుకోండి. గీత గీసినవారు ఎవరి కోసమో గీశారని మాత్రం నేననడం లేదు. వారు వార్డులనూ 2001 నాటి జనాభానూ చూసి గీశారు.

ఆ 2001 జనాభా దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. బెంగళూరు నగర జిల్లాలో 2001లో 65.37 లక్షల మంది ఉండగా, 2011 నాటికి 96.21 లక్షలయ్యారు. పెరిగినదంతా సమానంగా పెరగలేదు. నగరం నడిబొడ్డు ఉన్నచోటే ఉంది, అంచులు ఉబ్బాయి. అందువల్ల ఇప్పుడు మహదేవపురలో ఓటర్లు 6 లక్షలు దాటారు, శివాజీనగరలో 2 లక్షల చుట్టుపక్కలే ఉన్నారు. ఇద్దరికీ ఒక్కొక్క ఎమ్మెల్యే. అంటే శివాజీనగరలో ఒక ఓటు చేసే పని చేయడానికి మహదేవపురలో మూడు ఓట్లు కావాలి. 2026 తరువాత జరిగే తొలి జనగణన లెక్కలు వచ్చేదాకా ఈ గీతలు మారకూడదని రాజ్యాంగమే చెబుతోంది.

లోక్‌సభకు వచ్చేసరికి ఇదే ఉబ్బు మరొక రకంగా పనిచేస్తుంది. బెంగళూరు సెంట్రల్ కూడా ఆ పునర్విభజనలోనే పుట్టింది, సర్వజ్ఞనగర, సి.వి. రామన్ నగర, శివాజీనగర, శాంతినగర, గాంధీనగర, రాజాజీనగర, చామరాజపేటలకు మహదేవపురను కలిపారు. 2024లో అక్కడ బిజెపి అభ్యర్థి పి.సి. మోహన్ 32,707 ఓట్ల తేడాతో గెలిచారు. ఒక్క మహదేవపురలో ఆయనకు వచ్చిన ఆధిక్యం 1.14 లక్షలు. తీసివేత చేసి చూడండి, తక్కిన ఏడు సెగ్మెంట్లూ (ఆ లోక్‌సభ స్థానంలోని శాసనసభ నియోజకవర్గాలూ) కలిపితే కాంగ్రెస్ అభ్యర్థి సుమారు 81 వేల ఓట్లు ముందున్నారు. మహదేవపురను ఆనాడు పక్క లోక్‌సభ స్థానంలో వేసి ఉంటే, అవే మనుషులు, అవే ఓట్లు, ఫలితం మరొకటి. ఆ సెగ్మెంట్ ఓటరు జాబితా మీద 2025లో రాహుల్ గాంధీ చేసిన ఆరోపణలు, వాటిని ఎన్నికల సంఘం తోసిపుచ్చడం మీకు తెలిసినవే. అది వేరే చర్చ, దాన్ని ఇందులో కలపను.

ప్రశ్న: శాసనసభకు ఒక పార్టీకి, ఏడాది తిరక్కుండా లోక్‌సభకు మరొక పార్టీకి ఓటు వేయడం నిలకడ లేనితనం కాదా? – ఒక పాఠకుడు, శేషాద్రిపురం

జవాబు: కాదు. మీరుండే గాంధీనగర నియోజకవర్గంలోనే 2023లో కాంగ్రెస్ అభ్యర్థి దినేశ్ గుండూరావు 105 ఓట్లతో గెలిచారు, మరుసటి ఏడాది లోక్‌సభకు అదే సెగ్మెంట్ బిజెపికి ఆధిక్యం ఇచ్చింది. రాష్ట్రమంతటా అదే తీరు: 2023లో 224 స్థానాలకు 135 గెలిచిన కాంగ్రెస్, 2024లో 28 లోక్‌సభ స్థానాలకు 9తో ఆగింది. కాలువ పూడిక తీయించేవాడిని ఒక కన్నుతో, ఢిల్లీలో కూర్చునేవాడిని మరొక కన్నుతో చూడటం కర్ణాటక ఓటరుకు పాత అలవాటే. నగరంలో ఆ అలవాటు ఇంకొంచెం ముదిరిందని నా అనుమానం.

ప్రశ్న: బూత్‌వారీ ఓట్లు బయటపెడతారని విన్నాను. వాటిని బట్టి మన తెలుగువారు ఎవరికి వేశారో తేల్చవచ్చునా? – ఒక పరిశోధక విద్యార్థి, కెంగేరి

జవాబు: బూత్‌వారీ పట్టికను ఫారం 20 అంటారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో దొరుకుతుంది, చూడదగినది. ఎడమవైపు పోలింగ్ కేంద్రం సంఖ్య, పైన అభ్యర్థుల పేర్లు, చివర నోటా. ఒక సెలవురోజు నేను మా బడిలో పక్కపక్క గదుల్లో నడిచిన రెండు కేంద్రాల వరుసలను వేలు పెట్టి చూశాను. ఒక గదికి వచ్చినవారు అపార్ట్‌మెంట్ల జనం, రెండో గదికి వచ్చినవారు నగరం మింగేసిన పాత ఊరి జనం. ఒకే బడి, ఒకే వరండా, మధ్యలో ఒక గోడ. ముందున్న పార్టీ ఒక వరుసలో ఒకటి, రెండో వరుసలో మరొకటి. వర్తూరు, పణత్తూరు, గుంజూరు వైపు ఇలాంటి బళ్లు చాలానే ఉన్నాయి, అక్కడ భూములమ్మిన కుటుంబాలు, వాటిలో లేచిన మేడల్లో అద్దెకుంటున్నవారు, ఆ మేడలు కట్టడానికి వచ్చినవారు కూతవేటు దూరంలోనే నివసిస్తారు.

అంతవరకు సరే. అక్కడినుంచి మీరు వేయబోయే అడుగే ప్రమాదం. ఒక బూతులో తెలుగువారు ఎక్కువ ఉండి, ఆ బూతులో ఒక పార్టీకి ఎక్కువ ఓట్లు వచ్చినంత మాత్రాన ఆ ఓట్లు తెలుగువారివే అని చెప్పలేము. అక్కడి తెలుగువారు సగానికి సగం ఇంటి దగ్గరే ఉండిపోయి, తక్కినవారే కదలి వచ్చి వేసి ఉండవచ్చు. గుంపు లెక్కనుంచి మనిషి మనసును తీయబోవడం సామాజిక శాస్త్రాల్లో చాలా పాత పొరపాటు, పెద్దపెద్దవాళ్లే చేశారు. పైగా ఓటరు జాబితాలో మాతృభాష అన్న గడి లేదు. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి సంఖ్య, వయసు, లింగం, అంతే. ఇంటిపేరును బట్టి పట్టుకుందామంటే, బెంగళూరులో రెడ్డి అని ఉన్నవారిలో కన్నడిగులు ఎందరో లెక్కలేదు. మీకు నిజంగా తెలుసుకోవాలని ఉంటే పట్టికలతో పాటు మనుషుల దగ్గరికి వెళ్లండి. ఎవరికి వేశారని అడగవద్దు. ఈ ఇంట్లో ఎన్నేళ్లుగా ఉన్నారు, సొంతమా అద్దెనా, నీళ్లు రాకపోతే ఎవరికి ఫోను చేస్తారు అని అడగండి. ఈ మూడు జవాబులు కలిస్తే, మాతృభాష చెప్పేదానికన్నా ఎక్కువ చెబుతాయి.

ప్రశ్న: చదువుకున్నవారున్న నగరంలోనే పోలింగ్ తక్కువ. సిగ్గుచేటు కాదా? – ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, బసవనగుడి

జవాబు: మీ కోపంలో సగం న్యాయం ఉంది. 2024లో నగరంలోని మూడు లోక్‌సభ స్థానాల్లోనూ పోలింగ్ 53, 54 శాతం దగ్గర ఆగిపోగా, ఆనుకొని ఉన్న బెంగళూరు గ్రామీణ స్థానంలో సుమారు 68 శాతం నమోదైంది. వారాంతపు సెలవులు కలిసొస్తే జనం ఊళ్లకు పోతున్నారని 2023లో పోలింగును బుధవారం పెట్టినా నగరంలో పెద్ద మార్పు రాలేదు. మనదేశంలో పేదలు, తక్కువ చదివినవారు ఓటు వేయడంలో ఉన్నవారికన్నా వెనకబడి లేరని, చాలాచోట్ల ముందున్నారని 1990ల నుంచి ఎన్నికల అధ్యయనాలు చెబుతూనే ఉన్నాయి. రేషనుకూ పింఛనుకూ ప్రభుత్వం గడప తొక్కవలసినవారికి ఓటు చేతిలోని పనిముట్టు. నీళ్లకు ట్యాంకరు, కరెంటుకు జనరేటరు, కాపలాకు సెక్యూరిటీ గార్డు కొనుక్కోగలిగినవారికి ఆ అవసరం తట్టదు.

మిగిలిన సగం కోపాన్ని శాతం మీద చూపించండి. శాతం కింద ఉండే సంఖ్య ఓటరు జాబితా. విజయనగరలో అద్దెకుండి వైట్‌ఫీల్డుకు మారినవారి పేరు విజయనగర జాబితాలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఉద్యోగం మారి పూణే వెళ్లినవారిదీ, చనిపోయినవారిదీ అంతే. లేని మనిషి ఓటు వేయలేదని ఉన్నవారిని తిట్టినట్టవుతోంది. సంత రోజు వచ్చి పోయేవారిని కూడా ఊరి జనంలో లెక్కపెట్టి, ఊరంతా సంతకు రాలేదేమని అడిగితే ఎలా?

ప్రశ్న: నగరాన్ని అయిదు కార్పొరేషన్లుగా విడదీశారు కదా, వార్డు ఎన్నికల్లోనైనా మనకు చోటు దొరుకుతుందా? – ఒక వ్యాపారి, చిక్కపేట

జవాబు: శాసనసభ కన్నా అవకాశం ఎక్కువే. మహానగర పాలిక సభ్యుల గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది; ఆ తరువాత వార్డుల సంఖ్యను ఒకసారి 243 అన్నారు, మరొకసారి 225 అన్నారు, చివరికి 2025లో నగరాన్ని అయిదు కార్పొరేషన్లు చేశారు. గీతలు ఇన్నిసార్లు చెరిపి గీస్తుంటే మీ దుకాణం ఏ వార్డులో పడిందో మీరే వెళ్లి చూసుకోవాలి. వార్డు చిన్నది కనుక, నేను పైన చెప్పిన పంచదార అక్కడ గ్లాసులో పడుతుంది. పేటలో తరాలుగా ఉన్న మీలాంటివారికి అది ఉపయోగం. ఊళ్లో ఓటు పెట్టుకున్న అపార్ట్‌మెంట్ జనానికి వార్డు ఎంత చిన్నదైనా ఒకటే.

ప్రశ్న: ఒంగోలులో సొంత ఇల్లు ఉంది, ఓటు అక్కడ ఉంది. ఇక్కడా నమోదు చేసుకొని రెండూ ఉంచుకోవచ్చా? అక్కడి ఎన్నికలకూ ఇక్కడి ఎన్నికలకూ తేదీలు వేరు కదా. – ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: కూడదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షను ప్రకారం ఎవరి పేరైనా ఒక నియోజకవర్గంలోనే ఉండాలి. తేదీలు వేరైనా సరే. మరొకచోట పేరు లేదని అబద్ధం రాసిస్తే 31వ సెక్షను కింద ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు. మీరు ఇల్లు ఉందన్నారు, కానీ సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి కాజాలరని 20వ సెక్షను తేల్చి చెబుతోంది. మామూలుగా ఎక్కడ ఉంటున్నారన్నదే ప్రధానం. ఇక్కడికి మార్చుకోదలిస్తే ఫారం 8 నింపండి, కొత్త ఓటర్ల కోసం ఉన్న ఫారం 6 కాదు. ఈ తేడా తెలియకే చాలామంది పాత పేరు అక్కడ ఉండగానే కొత్త ఓటరుగా చేరి చిక్కుల్లో పడుతున్నారు. అద్దె ఇల్లయితే రిజిస్టరైన అద్దె ఒప్పందం, లేదా మీ పేరుతో ఆ చిరునామాకు వచ్చే గ్యాసు బిల్లు, బ్యాంకు పాసుపుస్తకం జతచేయవచ్చు. ఒంగోలు ఓటరు కార్డు మీద ఉన్న ఎపిక్ సంఖ్యను, అంటే ఆ కార్డు సంఖ్యను, ఫారంలో తప్పులు లేకుండా రాయండి. అక్కడి పేరు తీసి ఇక్కడ చేర్చేది దాన్ని చూసే.